లింకన్ నీడలో నిలిచిన జడ్జిగారు – లైమన్ ట్రంబుల్

మన బడిలో సాంఘికశాస్త్రం చదువుకున్న వాళ్లను ఎవరినైనా నిద్రలో లేపి, అమెరికాలో బానిసత్వాన్ని ఎవరు రద్దు చేశారని అడిగితే ఒకే పేరు చెబుతారు. లింకన్. ఆ జవాబుకు మార్కులు పడేవి, పడాలి కూడా. అయితే మున్సిఫ్ కోర్టులో మొదలుపెట్టి జిల్లా కోర్టులో రిటైరయ్యే దాకా చట్టాల పుస్తకాల మధ్యే గడిపిన నాకు, ఆ జవాబు వెనకాల ఇంకొకాయన కనిపిస్తూ ఉంటారు. లింకన్ ప్రకటించినదాన్ని రేపు ఏ కోర్టూ కొట్టెయ్యకుండా చట్టం భాషలో బిగించిన మనిషి ఆయన. స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా మహనీయుడి గురించి రాసివ్వమని సంపాదకవర్గం మిత్రులు అడగ్గానే ఆయనే గుర్తొచ్చారు. పేరు లైమన్ ట్రంబుల్. వకీలు, శాసనసభ్యుడు, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి, 18 ఏళ్లు సెనేటరు. మన ఉపాధ్యాయుల కోసం ఇంకొక్క మాట ముందే చెప్పేస్తాను. వీటన్నిటికీ ముందు ఆయన బడిపంతులు.

1813 అక్టోబరు 12న అమెరికా ఈశాన్యాన కనెక్టికట్ రాష్ట్రంలోని కోల్చెస్టర్ అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరి బేకన్ అకాడమీలో చదివి, పదహారేళ్లకే పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ల వయసులో దక్షిణాదికి వెళ్లి జార్జియాలోని గ్రీన్‌విల్ అనే చోట బడి నడిపారు. అది బానిసత్వం గాలిలా నీరులా అలవాటైపోయిన రాష్ట్రం. ఇప్పటిలా లా కాలేజీలో సీటు తెచ్చుకుంటే తప్ప వకీలు కాలేని రోజులు కావవి. ఎవరైనా పేరున్న లాయరు దగ్గర పుస్తకాలు చదివి, పరీక్షకు నిలబడి, సన్నదు పుచ్చుకోవడమే. పంతులుగారు బడి నడుపుతూనే ఆ చదువూ పూర్తి చేశారు. 1837లో గుర్రమెక్కి ఇల్లినాయ్ రాష్ట్రానికి వచ్చి, మిసిసిపి నదికి దగ్గర్లో ఉన్న బెల్‌విల్ అనే ఊళ్లో బోర్డు కట్టారు.

ఇల్లినాయ్ పేరుకు బానిసత్వం లేని రాష్ట్రం. ఆ ప్రాంతమంతటా బానిసత్వం ఉండరాదని 1787లోనే ఒక శాసనం చేశారు. కానీ అంతకు ముందునుంచే అక్కడ కాపురమున్న ఫ్రెంచి కుటుంబాలు తమ బానిసలను వదల్లేదు, ఆ బానిసలకు పుట్టిన పిల్లలనూ వదల్లేదు. మరికొందరు యజమానులు దీర్ఘకాలపు ఒప్పంద పత్రాలు రాయించుకుని అదే పని చేయించుకునేవారు. చట్టం ఒకటి, ఆచరణ ఒకటి. ఇది మనకు తెలియని సంగతేమీ కాదు.

అలాంటి ఒక ఇంట్లో ఉన్న జోసెఫ్ జారో అనే నల్లజాతి మనిషి తన యజమానురాలు జూలియా జారో మీద దావా వేశారు. ఆ దావా ఎలా వేశారో చూడండి. నన్ను విడిపించండి అని కాదు, నేను చేసిన పనికి కూలి ఇప్పించండి అని. స్వేచ్ఛ ఉన్నవాడికే కూలి అడిగే హక్కు ఉంటుంది కాబట్టి, కూలి ఇమ్మంటే మనిషి స్వేచ్ఛాజీవి అని ఒప్పుకున్నట్టే. కింది కోర్టులో ఓడిపోయారు. అప్పీలులో ఆ పక్షాన వాదించినవారిలో ట్రంబుల్ ఒకరు. 1787 శాసనం వచ్చిన తర్వాత ఆ గడ్డ మీద పుట్టినవాళ్లను బానిసలుగా ఉంచుకోవడానికి వీల్లేదని 1845లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బెంచీ మీద కూర్చున్నవాడిగా నాకు ఈ కేసంటే ప్రత్యేకమైన ఇష్టం. పెద్ద ప్రశ్నను చిన్న దావాగా మలచడంలోనే వకీలు పనితనం తెలుస్తుంది. ఆ 1787 శాసనాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఈలోగా రాజకీయాలు మొదలయ్యాయి. 1840లో డెమోక్రాటిక్ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఎదుటి పక్షంలో అబ్రహాం లింకన్ ఉన్నారు. తర్వాత రెండేళ్లు రాష్ట్ర కార్యదర్శి పదవి చేశారు, గవర్నరుతో పడక అదీ పోయింది. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ రోజుల్లోనే జూలియా జేన్ అనే అమ్మాయిని 1843లో పెళ్లాడారు. ఈవిడ లింకన్ భార్య మేరీకి ప్రాణస్నేహితురాలు, ఆమె పెళ్లిలో తోడిపెళ్లికూతురు. పెళ్లికి ముందు ఈ ఇద్దరమ్మాయిలూ కలిసి జేమ్స్ షీల్డ్స్ అనే అధికారిని ఎగతాళి చేస్తూ పత్రికలో మారుపేరుతో ఉత్తరం రాస్తే, నింద లింకన్ తన మీద వేసుకున్నారు. షీల్డ్స్ కత్తియుద్ధానికి పిలిచారు. ఇద్దరూ నది దాటి అవతలి గట్టుకు వెళ్లాక, పెద్దమనుషులు సర్దిచెప్పి వెనక్కి తెచ్చారు. ఈ షీల్డ్సు గారూ మళ్లీ వస్తారు.

1848 నుంచి 1853 దాకా ట్రంబుల్ ఇల్లినాయ్ సుప్రీంకోర్టు జడ్జి. మన లెక్కలో హైకోర్టు జడ్జి అనుకోవచ్చు. జీతం సంసారానికి చాలక రాజీనామా చేశారు. న్యాయమూర్తిగా ఉన్నది అయిదేళ్లే అయినా, ఆ తర్వాత ఏ కుర్చీలో కూర్చున్నా ఆయన జడ్జిలాగే కూర్చున్నారని నా అభిప్రాయం. ఆయన బలమూ అదే. కష్టాలు తెచ్చిపెట్టిందీ అదే.

1854లో ఆయన సొంత పార్టీ నాయకుడు స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్–నెబ్రాస్కా చట్టం, అంతవరకూ బానిసత్వం అడుగుపెట్టరాదన్న పడమటి నేలల తలుపులు తెరిచింది. ట్రంబుల్ ఎదురు తిరిగారు. అప్పట్లో సెనేటర్లను మన రాజ్యసభకు మల్లే రాష్ట్ర శాసనసభ్యులే ఎన్నుకునేవారు. 1855 ఫిబ్రవరిలో ఇల్లినాయ్ సీటుకు పోటీ జరిగింది. పాత సభ్యుడు ఎవరనుకున్నారు? ఆ కత్తియుద్ధం షీల్డ్సే. మొదటి విడతలో అందరికంటే ముందున్నది లింకన్, నలభైకి పైగా ఓట్లు. ట్రంబుల్‌కు వచ్చినవి సరిగ్గా 5. డెమోక్రాట్లుగా ఉంటూ డగ్లస్‌ను ఎదిరించిన ఆ అయిదుగురూ వేరే పార్టీ వాడైన లింకన్‌కు ఓటెయ్యమని భీష్మించుకు కూర్చున్నారు. విడత మీద విడత నడిచేకొద్దీ లింకన్ ఓట్లు కరిగాయి. గవర్నరు మాటెసన్ గెలిచే సూచనలు కనబడ్డాయి. అప్పుడు లింకన్ తన వాళ్లను పిలిచి ట్రంబుల్‌కు వెయ్యమన్నారు. పదో విడతలో 51 ఓట్లతో ట్రంబుల్ గెలిచారు.

లింకన్ ఆ సాయంత్రమే నవ్వుతూ చెయ్యి కలిపారు. మేరీ మాత్రం కలపలేదు. తోడిపెళ్లికూతురైన స్నేహితురాలితో ఆవిడ మాటలు ఆ రోజుతో సరి. మగవాళ్లు రాజకీయాల్లో ఓడిపోయి మర్చిపోతారు, ఇళ్లల్లో లెక్కలు వేరే.

కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీలో ఇద్దరూ కలిశారు. 1861లో లింకన్ అధ్యక్షుడయ్యారు, ట్రంబుల్ సెనేటు న్యాయసంఘానికి అధ్యక్షుడయ్యారు. అంతర్యుద్ధం మొదలైంది. తిరుగుబాటుదారులు యుద్ధపనుల్లో వాడుకున్న బానిసల మీద యజమానికి హక్కు పోతుందన్న నిబంధనను ఆ ఆగస్టులోనే చట్టంలో పెట్టించింది ఈయనే. అలాగని లింకన్ ఏం చేసినా తలూపలేదు. విచారణ లేకుండా మనుషులను జైళ్లలో పెడుతుంటే, ఏ అధికారంతో పెడుతున్నారని సెనేటులో నిలదీశారు. 1863లో లింకన్‌ను రోజూ దుమ్మెత్తిపోసే షికాగో టైమ్స్ పత్రికను ఒక సేనాని మూయించినప్పుడు ఆ ఉత్తర్వును వ్యతిరేకించారు. లింకన్ ఆ ఉత్తర్వు రద్దు చేశారు కూడా.

ఇక అసలు ఘట్టం. లింకన్ 1863 జనవరి 1న చేసిన విముక్తి ప్రకటన సర్వసేనానిగా చేసినది, తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించేది. యుద్ధం ముగిశాక అది నిలుస్తుందా? కోర్టు నిలవదంటే? విడుదలైనవాడిని మళ్లీ పట్టుకెళ్తామంటే? రాజ్యాంగాన్నే సవరించాలి. మిస్సోరి సెనేటరు హెండర్సన్ తీర్మానం తెచ్చారు. దాన్ని ట్రంబుల్ సంఘం తిరగరాసి 1864 ఫిబ్రవరిలో సభ ముందు పెట్టింది. మసాచుసెట్స్ నుంచి వచ్చిన చార్లెస్ సమ్నర్ మహా వక్త. ఫ్రెంచి విప్లవ ప్రకటన నుంచి తీసుకుని, చట్టం ముందు మనుషులంతా సమానులనే మాట చేర్చమని పట్టుబట్టారు. వినడానికి ఎంత బాగుంది! ట్రంబుల్ సంఘం ఒప్పుకోలేదు. కోర్టులు అప్పటికే ఎన్నోసార్లు పరీక్షించి అర్థం తేల్చిన పాత మాటలనే తీసుకుంది. అవి 1787 శాసనంలోని మాటలు, జోసెఫ్ జారోకు కూలి ఇప్పించిన మాటలు. వాటి కింద ఒక్క వాక్యం కొత్తగా చేర్చారు. దీన్ని అమలు చేసే చట్టాలు చేసే అధికారం కేంద్రానికి ఉంటుందని.

సెనేటులో 38–6తో, మరుసటి ఏడాది జనవరి 31న ప్రతినిధుల సభలో 119–56తో నెగ్గి, 1865 డిసెంబరుకు పదమూడో సవరణ రాజ్యాంగంలో చేరింది. అప్పటికి లింకన్ లేరు.

పాత మాటలు వాడుకున్నప్పుడు పాత లొసుగూ వెంటే వచ్చింది. నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపు 1787 శాసనంలో ఉంది, అదీ సవరణలోకి ఎక్కింది. యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు చిల్లర నేరాలకు నల్లజాతివారిని జైల్లో వేసి, ఆ ఖైదీలను తోటలకూ గనులకూ అద్దెకిచ్చి దశాబ్దాలపాటు సొమ్ము చేసుకున్నాయి. ఒక చిన్న మినహాయింపు ఎంత దూరం పోతుందో చట్టాలు రాసేవాళ్లందరూ ఈ ఒక్క ఉదాహరణ చూసి నేర్చుకోవచ్చు.

ఆ కొత్త వాక్యానికి వెంటనే పని పడింది. సవరణ సిరా ఆరకముందే మిసిసిపి రాష్ట్రం కొత్త చట్టాలు చేసింది. నల్లజాతివాడు పట్టణాల బయట భూమి కౌలుకు తీసుకోరాదు. జనవరి నెలలో ఎవరి దగ్గర పని చేస్తున్నాడో కాగితం చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి అని జరిమానా. జరిమానా కట్టలేకపోతే కట్టినవాడి దగ్గర చాకిరీ. పేరు మారింది, పని మారలేదు. ట్రంబుల్ 1866 జనవరిలో పౌరహక్కుల బిల్లు తెచ్చారు. అమెరికాలో పుట్టినవాళ్లందరూ పౌరులే. ఏ రంగువారైనా తెల్లవారితో సమానంగా ఒప్పందాలు చేసుకోవచ్చు, దావా వెయ్యవచ్చు, సాక్ష్యం చెప్పవచ్చు, ఆస్తి కొనవచ్చు, అమ్మవచ్చు. దీన్ని అమలు చేసే యంత్రాంగాన్ని ఎక్కడినుంచి తెచ్చారో వింటే మా వృత్తివాళ్లకు ముచ్చటేస్తుంది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించడానికి 1850లో చేసిన దుర్మార్గపు చట్టం నుంచి! మనుషులను బంధించడానికి కేంద్రానికి ఉన్న అధికారం, విడిపించడానికి ఎందుకుండదని ఆయన వాదన. ఎదుటివాడి కత్తిని ఇంతకంటే అందంగా లాక్కున్న వకీలు నాకు తెలియదు.

చర్చలో పెన్సిల్వేనియా సెనేటరు కోవన్ లేచి, అయితే ఇక్కడ పుట్టిన చైనావాళ్ల పిల్లలూ, జిప్సీల పిల్లలూ పౌరులైపోతారా అని అడిగారు. ఎవరైనా రాజకీయుడైతే ఆ ప్రశ్నకు నీళ్లు నమిలేవాడు. ట్రంబుల్ ఒక్క మాటలో నిస్సంశయంగా అవుతారన్నారు. ఆ నిబంధనే రెండేళ్లకు పద్నాలుగో సవరణ మొదటి వాక్యమైంది. మన బ్యాచ్‌లలో అమెరికా వెళ్లి స్థిరపడ్డ వాళ్లు ఎందరున్నారో ఈ సంచిక చివర చిరునామాల పట్టికే చెబుతుంది. అక్కడ పుట్టిన వాళ్ల పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం దక్కిన వరుస, వెనక్కి వెళ్తే ఆ చర్చ దగ్గరికే చేరుతుంది.

అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్‌కు బిల్లు ముందే చూపించారు, ఆయన అభ్యంతరమేదీ చెప్పలేదు. తీరా సభలు రెండూ ఆమోదించి పంపితే మార్చి 27న వీటో చేశారు. ట్రంబుల్ లేచి వీటో సందేశాన్ని అంశం అంశంగా విడదీసి, అప్పీలు కోర్టు జడ్జి కింది కోర్టు తీర్పును ఉతికినట్టు ఉతికారు. ఏప్రిల్ 6న సెనేటు 33–15తో, మూడు రోజుల తర్వాత ప్రతినిధుల సభ 122–41తో వీటోను తోసిరాజన్నాయి. అంతటి ముఖ్యమైన చట్టం వీటోను దాటి రావడం అమెరికాలో అదే మొదటిసారి.

ఇంతగా మోసం చేసిన జాన్సన్ 1868లో అభిశంసనకు గురై అదే సెనేటు ముందు నిలిచారు. యుద్ధమంత్రి స్టాంటన్‌ను సెనేటు అనుమతి లేకుండా తీసేశారన్నది ప్రధాన అభియోగం. శిక్షించడానికి 54 మందిలో 36 ఓట్లు కావాలి. రిపబ్లికన్లంతా ఒక్కటైతే చాలు. ట్రంబుల్‌కు జాన్సన్ మీద ప్రేమ ఉండటానికి ఒక్క కారణమూ లేదు. అయినా రికార్డు చదివారు. స్టాంటన్‌ను నియమించింది లింకన్ గనక ఆ చట్టం ఆయనకు వర్తించదని తేల్చుకున్నారు. సభలో మెజారిటీకి నచ్చనంత మాత్రాన అధ్యక్షుడిని తీసెయ్యడం మొదలైతే ఇక ఏ అధ్యక్షుడికీ నిలకడ ఉండదని రాసి, నిర్దోషి అని ఓటు వేశారు. ఓట్లు 35–19. ఒక్క ఓటు తక్కువ. అడ్డం తిరిగిన రిపబ్లికన్లు ఏడుగురు, వారిలో పదమూడో సవరణ తీర్మానం తెచ్చిన హెండర్సన్ కూడా ఉన్నారు. పార్టీ ట్రంబుల్‌ను ద్రోహి అంది. అదే ఏడాది ఆగస్టులో జూలియా పోయారు.

ఆ ఓటు సరైనదేనా అన్నది ఇప్పటికీ తెగని వివాదం. జాన్సన్ మిగిలి ఉండటం వల్ల నల్లజాతివారు నష్టపోయారన్నది కాదనలేం. అయినా ఛార్జిషీటులో లేని నేరానికి శిక్ష వెయ్యకూడదన్న సూత్రం దగ్గర నేను ట్రంబుల్ పక్షమే.

1871లో మాత్రం కాదు. దక్షిణాదిన కు క్లక్స్ క్లాన్ ముఠాలు ముసుగులేసుకుని రాత్రిళ్లు ఇళ్లమీద పడి నల్లజాతివారిని కొట్టి చంపుతున్నాయి. స్థానిక పోలీసు, జ్యూరీ అన్నీ వాళ్ల చేతుల్లోనే. కేంద్రమే రంగంలోకి దిగాలని చట్టం తెస్తే ట్రంబుల్ వ్యతిరేకించారు. హత్యలు, దాడులు రాష్ట్రాలు చూసుకోవలసిన నేరాలని వాదించారు. అమలు అధికారమన్న వాక్యాన్ని రాజ్యాంగంలో పెట్టిన చేతులే, అమలు చేయవలసిన రోజున వెనక్కి పోయాయి. ఆయన్ని అర్థం చేసుకోవాలంటే ఒకటి ఒప్పుకోవాలి. బానిసత్వం వద్దన్నారే గాని, తెల్లవారూ నల్లవారూ పక్కపక్కన బతకాలని ఆయన మొదటినుంచీ అనుకోలేదు. ఒక దశలో వాళ్లను ఇతర దేశాలకు పంపే ఆలోచననూ సమర్థించారు. కాగితం మీది హక్కు ఇచ్చాక తన పని అయిపోయిందనుకున్నారు. తలుపు దగ్గర కత్తితో నిలబడ్డవాడి సంగతి జడ్జిగారి దృష్టికి ఆనలేదు.

1872లో ప్రెసిడెంటు గ్రాంటు మీద తిరుగుబాటు చేసిన ఉదారవాద రిపబ్లికన్లతో కలిశారు. అభ్యర్థిత్వం తనకొస్తుందనుకుంటే పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీకి పోయింది. 1873లో సెనేటు సీటూ పోయింది. షికాగోలో ప్రాక్టీసు పెట్టారు. మళ్లీ డెమోక్రాట్లలో చేరి 1880లో గవర్నరు పదవికి నిలబడి ఓడారు. ఒక సరదా సంగతి. పసుపురాతి లోయ యెల్లోస్టోన్‌ను 1870లో అన్వేషించిన బృందంలో ఆయన కొడుకు వాల్టర్ ఉన్నారు. రెండేళ్లకు దాన్ని జాతీయ పార్కు చేసే బిల్లుకు సెనేటులో తండ్రి అండగా మాట్లాడారు. ఇంట్లో కథలు విని విని ఉంటారు.

ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం, పెద్దవాళ్లంతా పడక్కుర్చీ ఎక్కే వయసులోది. 1894లో షికాగో దగ్గర పుల్‌మన్ రైలుపెట్టెల కంపెనీ కూలి తగ్గించి, తన ఇళ్ల అద్దె మాత్రం తగ్గించకపోవడంతో సమ్మె మొదలైంది. రైల్వే కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ సంఘం దానికి మద్దతుగా దిగింది. పశ్చిమానికి వెళ్లే రైళ్లు నిలిచిపోయాయి. కేంద్రం కోర్టు నుంచి ఇంజంక్షను తెచ్చి, దాన్ని ధిక్కరించారని డెబ్స్‌కు ఆరు నెలల జైలు వేయించింది. జ్యూరీ లేదు, సాధారణ విచారణ లేదు. ఆ కంపెనీకి న్యాయ సలహాదారు ఎవరో తెలుసా? లింకన్ కొడుకు రాబర్ట్. డెబ్స్ పక్షాన సుప్రీంకోర్టుకు వెళ్లింది, అప్పటికింకా పడుచు వకీలైన క్లారెన్స్ డారో, గ్రెగరీ అనే మరో వకీలు, వాళ్లతో 81 ఏళ్ల లైమన్ ట్రంబుల్.

యుద్ధకాలంలో లింకన్‌ను అడిగిన ప్రశ్ననే అక్కడా అడిగారు. ఏ చట్టం ప్రకారం ఈ మనిషిని విచారణ లేకుండా లోపల పెట్టారు? నేరం చేస్తే నేరానికి కేసు పెట్టండి, జ్యూరీ ముందు నిలబెట్టండి. ఇంజంక్షను పేరుతో జడ్జి ఒక్కడే చట్టం చేసి, నేరం మోపి, శిక్షా వేస్తే ఎలా? 1895 మే 27న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆయన వాదన తోసిపుచ్చారు. డెబ్స్ జైలుకు వెళ్లారు. సమ్మెల మీద ఇంజంక్షన్లను అదుపులో పెట్టే చట్టం రావడానికి 1932 దాకా ఆగవలసి వచ్చింది.

1896 ఏప్రిల్‌లో, పాత రోజుల సహచరుడు గుస్తావ్ కోర్నర్ అంత్యక్రియలకు బెల్‌విల్ వెళ్లి అక్కడే జబ్బుపడ్డారు. మళ్లీ కోలుకోలేదు. జూన్ 25న షికాగోలో కన్నుమూశారు.

ఆయన 1866 చట్టాన్ని కోర్టులు క్రమంగా కుదించేశాయి. దాదాపు వందేళ్లు అది పుస్తకాల్లో దుమ్ము పట్టి పడి ఉంది. 1965లో సెయింట్ లూయిస్ శివారులో కొత్తగా కడుతున్న కాలనీలో ఇల్లు కొనబోయిన ఒక జంటకు, భర్త నల్లజాతివాడని బిల్డరు అమ్మనన్నాడు. వాళ్ల వకీళ్లు ఆ పాత చట్టం బయటికి తీశారు. ఆస్తి కొనే హక్కు అందరికీ సమానమన్న మాటకు అర్థం సరిగ్గా అదేనని, ప్రైవేటు అమ్మకందారుకూ అది వర్తిస్తుందని 1968 జూన్ 17న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పులో పేజీలకు పేజీలు 1866లో ట్రంబుల్ సెనేటులో ఏం చెప్పారన్న దాని మీదే నడుస్తాయి. సెయింట్ లూయిస్ నుంచి మిసిసిపి నది దాటి కాస్త దూరం పోతే వచ్చే ఊరు బెల్‌విల్.